రైతు బిడ్డ పక్కన నిలబడ్డ ఇంకొకరు
బద్దం ఎల్లారెడ్డి, ఎం.ఆర్. కృష్ణ, 1952 కరీంనగర్

మన ప్రాంత నాయకుల జీవిత చరిత్ర ఏది తెరిచినా మొదటి వాక్యం దాదాపు ఒకటే ఉంటది. ఆయన ఒక సామాన్య రైతు కుటుంబంలో పుట్టారు అని. కమ్యూనిస్టు అయినా, కాంగ్రెస్ అయినా, తెలుగుదేశం అయినా, ఆ తర్వాత వచ్చిన ఏ పార్టీ అయినా సరే, ఆ వాక్యం మారదు. అది అబద్ధమని మేము అనడం లేదు. కానీ ఆ వాక్యం దగ్గర ఆగిపోవడం మనకు అలవాటైపోయింది. ఆ కుటుంబానికి ఎన్ని ఎకరాలు? నాగలి పట్టింది ఎవరు? మోట కొట్టింది ఎవరు? ఆ ఇంట్లో జీతమున్న మనిషి రాత్రి ఎక్కడ పడుకున్నడు? ఈ ప్రశ్నలు అడిగే చోటు జీవిత చరిత్రలో ఉండదు. 'రైతు' అన్న మాట వినగానే మనకు బక్కచిక్కిన మనిషి, మట్టి చేతులు కనిపిస్తయి. పదం అంత పని చేస్తది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం ఈ ప్రశ్న వేసుకోవడానికి తగిన చోటు. ఇక్కడి నుంచి వచ్చిన రాజకీయ నాయకుల్లో ఎక్కువమంది తమను రైతు బిడ్డలుగానే చెప్పుకున్నరు. అట్లాగే రాష్ట్రాన్ని కుదిపిన రైతు కూలీ పోరాటం కూడా ఈ నేల మీదనే జరిగింది. ఈ వ్యాసంలో మేము ఒక నాయకుడి రాజకీయ జీవితాన్ని తీసుకుంటున్నం. ఆయన బద్దం ఎల్లారెడ్డి. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నం? చెడ్డవాణ్ణి ఎంచుకుంటే వాదన తేలికైతది. గడీలో కూర్చొని జనాన్ని కొట్టించిన దొర గురించి ఎవరైనా రాయొచ్చు. ఎల్లారెడ్డి అట్లాంటి వాడు కాదు. నిజాముకూ, దొరలకూ ఎదురు నిలబడ్డ వాడు. రైతు బిడ్డ అనే బిరుదుకు అన్ని విధాలా తగినవాడు. అందుకే ఆయన దగ్గర ఈ ప్రశ్న వేస్తే దానికి విలువ ఉంటది.

గాలిపల్లి నుంచి పార్లమెంటు దాకా

బద్దం ఎల్లారెడ్డి 1906లో అప్పటి సిరిసిల్ల తాలూకా గాలిపల్లిలో వ్యవసాయ కుటుంబంలో పుట్టినడు. ఆ ఊరు ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా ఇల్లంతకుంట మండలంలో ఉంది. ఆయన ఎదిగిన కాలానికి హైదరాబాదు సంస్థానంలో చదువుకున్న తెలుగువాళ్లు ఒక వేదిక కట్టుకుంటున్నరు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. నాలుగోది 1935లో సిరిసిల్లలోనే, మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది. అధ్యక్షుల పట్టిక ఒకసారి చదవండి. జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి, దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు, సిరిసిల్లలో మాడపాటి, షాద్‌నగర్‌లో కొండా వెంకటరంగారెడ్డి, 1944 భువనగిరిలో రావి నారాయణరెడ్డి. మితవాదుల నుంచి కమ్యూనిస్టుల చేతికి మహాసభ మారింది. అధ్యక్షుల కులాల పట్టిక మాత్రం పెద్దగా మారలేదు.

అదే కాలంలో, అదే సంస్థానంలో ఇంకొక ధార నడుస్తున్నది. భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ ఉద్యమం, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు వంటి వాళ్ల సంఘాలు అంటరానివాళ్ల బడుల గురించి, పేరు గురించి, గౌరవం గురించి పోరాడుతున్నయి. 1942లో అంబేడ్కర్ నాగపూర్‌లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ పెట్టిన తర్వాత దాని శాఖ హైదరాబాదులో కూడా పని చేసింది. ఈ రెండు ధారలూ పక్కపక్కనే పారినయి. మన చరిత్ర పుస్తకాల్లో ఒకటి ప్రధాన కాలువ, రెండోది దాని పక్కనున్న పిల్ల కాలువ లెక్క కనిపిస్తది. ఎవరి పొలం దగ్గర నిలబడి చూస్తే అట్లా కనిపిస్తదో వేరే చెప్పనక్కర లేదు.

ఎల్లారెడ్డి మొదటి ధారలో పెరిగి, అందులోని ఎడమ పక్షానికి చేరినడు. 1947 సెప్టెంబరు 11న నిజాము పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపునిస్తూ విడుదలైన ప్రకటన మీద మూడు పేర్లున్నయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. తెలంగాణ చరిత్రలో ఇంతకన్నా పెద్ద సంతకాలు అరుదు. ఆ సంతకం పెట్టిన వాడికి ప్రాణభయం లేదని కాదు. 1948 మార్చి 14న ఇదే కరీంనగర్ జిల్లాలో, హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్‌లో అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు ప్రాణాలిచ్చినరు. వాళ్ల త్యాగాన్ని తగ్గించడం మా ఉద్దేశం కాదు.

1951 అక్టోబరులో పోరాటం విరమించినరు. కొద్ది నెలలకే మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినయి. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందువల్ల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసినరు. శాసనసభలో 175 స్థానాలకు కాంగ్రెస్ 93, పి.డి.ఎఫ్. 42 గెలిచినయి. కరీంనగర్ లోక్‌సభ స్థానంలో ఎల్లారెడ్డి గెలిచినడు. అక్కడ కాంగ్రెస్ తరఫున ఓడిన యువకుడు పి.వి. నరసింహారావు. తర్వాత కాలంలో ఎల్లారెడ్డి రాజ్యసభలోనూ, రాష్ట్ర శాసనసభలోనూ ఉన్నడు. కరీంనగర్‌లో సి.పి.ఐ. కార్యాలయానికి ఆయన పేరే పెట్టినరు.

జీవిత చరిత్రలు ఇక్కడ ముగుస్తయి. మేము ఇక్కడ మొదలుపెడుతున్నం.

రైతు అన్న మాటలో ఎవరున్నరు

సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో నిజాం కాలం నాటి ఊరిని తలుచుకోండి. గడీలో దొర. ఆ కింద పటేలు, పట్వారి. ఆ కింద పట్టాలున్న కాపులు, రెడ్లు, మున్నూరు కాపులు. నేతపని, కల్లుపని, గొర్రెల కాపరి పని చేసే కులాలు. ఊరి చివర మాలవాడ, మాదిగవాడ. మాలలు నీరటి పని, కావలి పని, కబురు మోసే పని చేసినరు. మాదిగలు మోట బొక్కెన కుట్టినరు, తొండం కుట్టినరు, ఎద్దులకు వార్లు పేనినరు, చెప్పులు కుట్టినరు, డప్పు కొట్టి దండోరా వేసినరు. పంట ఇంటికొచ్చినప్పుడు కల్లం దగ్గర కొలిచి పోసినంత గింజ. దీనికి తోడు వెట్టి. దొర ఇంట్లో పెళ్లయినా చావయినా పిలుపు రాగానే పోవాలె. అప్పు కింద జీతమున్న వాళ్లను భగేలా అన్నరు. తండ్రి అప్పు కొడుకు మీద పడేది.

ఇందులో 'రైతు' ఎవరు? నిజాము రెవెన్యూ లెక్కల్లో సర్కారుకు శిస్తు కట్టేవాడు రైతు. అంటే పట్టా పేరున్న వాడు. నూరెకరాల వాడూ రైతే, మూడెకరాల వాడూ రైతే. ఇద్దరినీ ఒకే మాటతో పిలవడం వల్ల పెద్దవాడికి చిన్నవాడి కష్టం మీద హక్కు వచ్చింది. పొద్దున్నే నాగలి కట్టే జీతగాడు మాత్రం రైతు కాదు. నడుము వంచి నాట్లేసే మాదిగ ఆడమనిషి రైతు కాదు. బొక్కెన లేకుంటే బావి నీళ్లు పైకి రావు, అయినా బొక్కెన కుట్టేవాడు రైతు కాదు.

కమ్యూనిస్టులు ఈ తేడాను చూడలేదా? చూసినరు. సంఘం కార్యక్రమంలో వెట్టి రద్దు మొదటి డిమాండుల్లో ఒకటి. ఊళ్లలో సంఘం అడుగు పెట్టినంక మాల మాదిగలు దొర ముందు చెప్పులేసుకొని నడిచినరు. ఇది చిన్న విషయం కాదు. మా వాడల్లో ముసలోళ్లు సంఘం కాలాన్ని ఇప్పటికీ గౌరవంతో తలుచుకోవడానికి కారణం ఇదే. కానీ భూమి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. పోరాటకాలంలో సంఘం మొదట పెట్టిన భూపరిమితి 500 ఎకరాలు. తర్వాత 200కు తగ్గించినరు. ఆ తర్వాత కుష్కి 100, తరి 10 ఎకరాలన్నరు. ఉద్యమంలో చేరిన ధనిక రైతులను పోగొట్టుకోకూడదన్న జాగ్రత్త ఆ అంకెల్లో ఉంది. ఐక్య సంఘటన అవసరమని నాయకులు చెప్పిన వాదన మాకు అర్థమైతది. నిజాము మీద పోరాటానికి వీలైనంత మంది కావాలె గదా. కానీ ఆ ఐక్యతకు ధర ఎవరు కట్టినరో కూడా అర్థం కావాలె. వందల ఎకరాల వాడికి ఉద్యమంలో చోటు దొరికిన రోజున, ఆయన ఇంట్లో జీతమున్న వాడి డిమాండు వెనక్కు పోయింది.

దున్నేవానికే భూమి అన్న నినాదం సంగతీ ఇంతే. అది గొప్ప నినాదం, దాని కోసం వేలమంది చచ్చినరు. అయితే దున్నేవాడంటే ఎవరు? 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారును గుర్తించింది. ఆ చట్టంతో ఎంతోమంది కౌలు రైతులకు హక్కులొచ్చినయి. కానీ కౌలు చేయాలంటే ఎద్దులుండాలె, నాగలుండాలె, విత్తనముండాలె. అవి ఉన్నవాళ్లలో ఎక్కువమంది శూద్ర కులాల వాళ్లు. జీతగాడు ఇంకొకరి ఎద్దులతో ఇంకొకరి భూమి దున్నినడు. చట్టం దృష్టిలో అతను దున్నేవాడు కాదు, కూలివాడు. తర్వాత 1954–55 నాటి ఖాస్రా పహాణీలు చూడండి. పట్టాదారుకు ఒక గడి ఉంది, సాగు చేసేవాడికి ఒక గడి ఉంది. జీతగాడికి గడి లేదు. కాగితం మీద లేని మనిషికి చరిత్రలో పేరెక్కడ నుంచి వస్తది?

1952: రెండు పెట్టెలు, రెండు ఓట్లు

ఇప్పుడు కరీంనగర్ ఎన్నిక దగ్గరికి తిరిగి వద్దాం. జీవిత చరిత్రల్లో సగమే రాసి వదిలేసిన విషయం ఒకటుంది. 1952లో కరీంనగర్ ద్విసభ్య నియోజకవర్గం. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు, అందులో ఒక స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. రెండు ఓట్లూ ఒకే పెట్టెలో వేయడానికి వీల్లేదు. కాబట్టి రెండు ఓట్లూ వాడాలంటే ఓటరు ఇద్దరు మనుషులను ఎంచుకోవలసిందే.

ఆ ఎన్నికలో కరీంనగర్ నుంచి గెలిచిన ఇద్దరిలో ఒకరు పి.డి.ఎఫ్. అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డి. రెండో ఆయన ఎం.ఆర్. కృష్ణ. పార్టీ అంబేడ్కర్ నాయకత్వంలోని షెడ్యూల్డు కులాల ఫెడరేషన్. గుర్తు ఏనుగు.

ఈ మాట ఒకసారి ఆగి ఆలోచించదగ్గది. 1952లో దేశం మొత్తం మీద ఫెడరేషన్ గెలిచిన లోక్‌సభ స్థానాలు రెండే. ఒకటి షోలాపూర్, పి.ఎన్. రాజభోజ్. రెండోది కరీంనగర్. అదే ఎన్నికలో బొంబాయిలో అంబేడ్కర్ స్వయంగా ఓడిపోయినడు. రాజ్యాంగం రాసిన మనిషిని బొంబాయి ఓడించిన ఏడాది, ఆయన పార్టీ మనిషిని కరీంనగర్ పార్లమెంటుకు పంపింది. హైదరాబాదు శాసనసభలోనూ ఫెడరేషన్ 5 స్థానాలు గెలిచింది. మన జిల్లాల్లో కళాశాలకు వచ్చిన దళిత విద్యార్థుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? బడిలో ఎవరు చెప్పినరు?

ఇంకొక విషయం కూడా గమనించాలె. ఫెడరేషన్ తన ఎన్నికల ప్రణాళికలో హిందూ మహాసభ, ఆర్.ఎస్.ఎస్. వంటి వాటితోనూ, కమ్యూనిస్టు పార్టీతోనూ పొత్తు ఉండదని రాసుకున్నది. పైన కాగితం మీద ఈ రెండు పక్షాలూ దూరం. కింద కరీంనగర్ ఓటర్లు మాత్రం నిషేధంలో ఉన్న కమ్యూనిస్టుల మనిషినీ, అంబేడ్కర్ మనిషినీ కలిపి గెలిపించినరు. పాలకపార్టీ జోడెద్దుల గుర్తును పక్కకు నెట్టినరు. నాయకులు చేయలేని కలయికను జనం పెట్టెల దగ్గర చేసినరు. భూమి కావాలన్న కోరిక, మనిషిగా బతకాలన్న కోరిక రెండూ వాళ్లకు వేరు వేరు కాదు. వేరు చేసినది సిద్ధాంతం రాసినవాళ్లు.

గుర్తుల గురించి ఒక మాట. కాంగ్రెస్ గుర్తు కాడి కట్టిన జోడెద్దులు. ఆ గుర్తులో రైతు ఉన్నడు, పాడి ఉంది, పంట ఉంది. అయితే ఆ ఎద్దు చచ్చినంక దాన్ని లాక్కపోయి, తోలు తీసి, ఊనబెట్టి, బొక్కెన కుట్టి మళ్లీ అదే రైతు బావికి ఇచ్చే మనిషి ఆ గుర్తులో లేడు. వ్యవసాయాన్ని ఎద్దు బతికి ఉన్నంతవరకే చూసే చూపు అది. ఏనుగు గుర్తు ఆ చూపుకు జవాబు.

కరీంనగర్ ఒక్కటే కాదు, నల్లగొండ కథ కూడా ఇంతే. 1952లో రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచినడని మనందరం చిన్నప్పటి నుంచి వింటున్నం. నిజమే, ఆయనకు 3,09,162 ఓట్లు, నెహ్రూకు 2,33,571. కానీ నల్లగొండ కూడా ద్విసభ్య స్థానమే. అక్కడ రిజర్వు స్థానంలో గెలిచినది సుంకం అచ్చాలు, పి.డి.ఎఫ్. అభ్యర్థే. నెహ్రూ గెలిచిన అలహాబాదు స్థానం కూడా ద్విసభ్యమే, అక్కడ ఆయన పక్కన గెలిచినది మసూరియా దీన్. ఓట్ల రికార్డును బట్టీ పట్టించిన మన చరిత్ర ఈ ఇద్దరి పేర్లను చెప్పలేదు. ఒకే నియోజకవర్గం, ఒకే ఓటరు పట్టిక, ఒకే రోజు లెక్కింపు. ఒకరు చరిత్ర అయినరు, ఇంకొకరు రిజర్వేషన్ అయినరు.

రెండో కుర్చీ ఎట్లా పోయింది

ఎం.ఆర్. కృష్ణ తర్వాతి ప్రయాణం కూడా దాచకుండా చెప్పుకోవాలె. 1956 డిసెంబరు 6న అంబేడ్కర్ పోయినడు. 1957 ఎన్నికల్లో కృష్ణ కరీంనగర్ నుంచే మళ్లీ గెలిచినడు, కానీ ఈసారి కాంగ్రెస్ అభ్యర్థిగా. 1962లో, 1967లో పెద్దపల్లి నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచినడు. ఇందిరాగాంధీ ప్రభుత్వంలో రక్షణ శాఖ ఉపమంత్రిగా పని చేసినడు. ఏనుగు దిగి జోడెద్దుల బండి ఎక్కినడు.

దీన్ని ద్రోహమని ఒక్క మాటలో కొట్టిపారేయడం సులువు. మేము ఆ పని చేయదలుచుకోలేదు. 1932 పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయినయి. ఆ తర్వాత రిజర్వు స్థానంలో దళిత అభ్యర్థి గెలవాలంటే దళితేతరుల ఓట్లు కావాలె. ఆ ఓట్లు ఊరి పెద్దల చేతుల్లో ఉన్నయి. ఫెడరేషన్‌కు పత్రిక లేదు, భూమి లేదు, అప్పిచ్చే షావుకారు లేడు. వాడలోని ఓటరు పొద్దున లేస్తే ఎవరి పొలానికి పోవాలో వాళ్లే ఇంకో పార్టీ నాయకులు. ఒక గాలిలో ఒకసారి గెలవొచ్చు, ప్రతిసారీ గెలవడం కష్టం. ఎల్లారెడ్డి ఓడినా గెలిచినా తన పార్టీలో ఉండగలిగినడు. ఆ పార్టీ కష్టకాలంలో కూడా నాయకుడిగా ఉండగలిగినడు. కృష్ణకు ఆ వెసులుబాటు లేదు. పట్టుదల అనేది మనిషి గుణం మాత్రమే కాదు. వెనక నిలబడే భూమి, బంధువులు, కులం కూడా అందులో ఉంటయి. ఇద్దరి జీవితాలను పోల్చేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుంటే మనం మళ్లీ పాత చరిత్రనే రాసినవాళ్లమైతం.

ద్విసభ్య విధానం కూడా ఎక్కువ కాలం బతకలేదు. దాన్ని చంపిన సంఘటన మన తెలుగు నేల మీదనే జరిగింది. 1957లో పార్వతీపురం ద్విసభ్య స్థానంలో పోటీ చేసిన వి.వి. గిరి ఓడిపోయినడు. ఒక స్థానం గిరిజనులకు రిజర్వు. ఎక్కువ ఓట్లు రావడంతో రెండో గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొర జనరల్ స్థానాన్ని కూడా గెలుచుకున్నడు. గిరి కోర్టుకెక్కినడు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నిక చెల్లుతుందని తీర్పు చెప్పింది. అంటే రిజర్వు కులాల వాళ్లు జనరల్ స్థానం కూడా గెలవొచ్చు అని తేలింది. రెండేళ్లు తిరగకముందే, 1961లో ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం వచ్చింది. పెద్ద నియోజకవర్గాల్లో ప్రచారం కష్టమని, ఖర్చు ఎక్కువని కారణాలు చెప్పినరు. ఆ కారణాల్లో కొంత నిజం ఉండొచ్చు. అయితే దిగువ కులాల వాళ్లు రెండు కుర్చీల్లోనూ కూర్చోగలరని తెలిసినంకనే ఈ కష్టం అందరికీ కనిపించడం మనం గమనించాలె.

దాని ఫలితం కరీంనగర్‌లో సూటిగా కనిపిస్తది. 1962 నుంచి పెద్దపల్లి రిజర్వు స్థానమైంది, కరీంనగర్ జనరల్ అయింది. పెద్దపల్లి వాళ్లకు, కరీంనగర్ మాకు అన్నట్టు పంపకం జరిగింది. 1952లో ఒక రెడ్డి నాయకుడూ ఒక దళిత నాయకుడూ ఒకే జనం ముందు నిలబడి ఓటు అడిగినరు. ఆ తర్వాత ఆ అవసరం లేకుండా పోయింది.

1978: జీతగాడు రోడ్డెక్కిన రోజు

ఎల్లారెడ్డి రాజకీయ జీవితం చివరి దశలో ఉన్నప్పుడు, ఆయన పుట్టిన తాలూకాలోనూ పక్క తాలూకాలోనూ చరిత్ర మళ్లీ కదిలింది. ఈ మధ్య కాలంలో చట్టాలు చాలా వచ్చినయి. 1949లో జాగీర్లు రద్దయినయి. 1952లో ఓడిన పి.వి. నరసింహారావు 1971లో ముఖ్యమంత్రి అయి భూసంస్కరణల మాట ఎత్తినడు. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అయినా జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో వెట్టి నడుస్తనే ఉంది. బంచరాయి భూములు దొరల కబ్జాలోనే ఉన్నయి. తగవు చెప్పి దండుగలు గుంజుడు ఆగలేదు.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతు కూలీల జైత్రయాత్ర ఆ స్థితికి జవాబు. ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చినయి. ఆ ఉద్యమం ముందు వరుసలో ఉన్నది, తొలి దెబ్బలు తిన్నది, తొలి చావులు చచ్చినది ఎక్కువగా దళిత కూలీలు. జీతాలు పెంచాలె, వెట్టి ఆపాలె, సర్కారు భూమి పేదలకు దక్కాలె అన్నరు. మాట వినని దొరలను చాకలి, మంగలి, జీతగాడు అందరూ కలిసి బహిష్కరించినరు. అంటరానితనంతో మనల్ని వేల ఏండ్లు వెలివేసిన వాళ్లకు వెలి అంటే ఏమిటో కొన్ని వారాలు తెలిసింది. చాలామంది దొరలు గడీలు వదిలి పట్నాలకు పోయినరు.

ప్రభుత్వం ఏం చేసింది? ఏడు వారాలు తిరగకముందే, 1978 అక్టోబరు 20న సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ ప్రకటనకు వాడినది 1948 నాటి చట్టం. వెట్టి రద్దు చట్టాన్ని అమలు చేయలేని యంత్రాంగం, వెట్టి వద్దన్న వాళ్ల మీద ఆ పాత చట్టాన్ని మాత్రం వెంటనే అమలు చేయగలిగింది.

ఇక్కడ ఉద్యమం పేరును గమనించండి. రైతు కూలీ సంఘం. 1940ల్లో రైతు మాత్రమే ఉన్న చోట 1978లో కూలీ వచ్చి చేరినడు. ఇది పెద్ద ముందడుగు. కానీ అక్కడ కూడా కూలీకి కులం లేదు. కూలీ ఎందుకు ఎప్పుడూ మాలవాడ నుంచో మాదిగవాడ నుంచో వస్తడన్న ప్రశ్నకు సంఘంలో సమయం దొరకలేదు. నాయకత్వం మళ్లీ చదువుకున్న అగ్రకుల యువకుల చేతిలోకే పోయింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినంకనే ఈ ప్రశ్నను గట్టిగా అడిగే గొంతు మనకొచ్చింది. ఆ గొంతుతోనే మేము ఇప్పుడు వెనక్కు తిరిగి 1952నూ, 1978నూ చదువుతున్నం.

రైతు బిడ్డల కాలం

1983లో తెలుగుదేశం వచ్చినంక, పటేలు పట్వారీ వ్యవస్థ పోయినంక, మండలాలు వచ్చినంక మన ప్రాంత రాజకీయం రూపు మారింది. గడీ దొర వెనక్కు తగ్గినడు. సమితిలో, మండలంలో, మార్కెట్ కమిటీలో ఎదిగిన నాయకులు ముందుకు వచ్చినరు. జగిత్యాల నుంచి 1983లో తెలుగుదేశం తరఫున గెలిచిన టి. జీవన్‌రెడ్డి తర్వాత కాంగ్రెస్‌లో దశాబ్దాల పాటు ఆ నియోజకవర్గ రాజకీయానికి కేంద్రంగా ఉన్నడు. సిరిసిల్ల నుంచి సి.పి.ఐ. నాయకుడు చెన్నమనేని రాజేశ్వరరావు పలుమార్లు గెలిచినడు. 1989లో అక్కడే ఎన్.వి. కృష్ణయ్య గెలిచినడు. 1994లో జగిత్యాలలో చేనేత కులం నుంచి ఎల్. రమణ గెలిచినడు. ఈ మార్పులో బి.సి.లకు కొంత తలుపు తెరుచుకున్నది. జగిత్యాల, సిరిసిల్ల, అప్పటి మెట్‌పల్లి, ఇప్పటి కోరుట్ల అన్నీ జనరల్ స్థానాలే. ఆ తలుపు దగ్గర దళితుడు ఇప్పటికీ బయటనే నిలబడి ఉన్నడు. 2009లో ధర్మపురి రిజర్వు స్థానమైనంకనే ఆ వైపు నుంచి దళిత శాసనసభ్యుడు, తర్వాత మంత్రి వచ్చినరు. తలుపు రిజర్వేషన్‌తోనే తెరుచుకుంటున్నదన్న మాట.

రైతు అన్న మాట కూడా కొత్త బలం పుంజుకున్నది. 2018లో కరీంనగర్ జిల్లాలోనే మొదలైన రైతుబంధు పథకం ఎకరానికి ఇంత అని పట్టాదారుకు డబ్బిచ్చింది. ఎన్నెకరాలుంటే అంత. కౌలుదారుకు లేదు, కూలీకి లేదు. నిజాము రెవెన్యూ లెక్కలోని రైతే మళ్లీ బ్యాంకు ఖాతాలో కనిపించినడు. 2025 జనవరిలో ప్రభుత్వం భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తమని వేరే పథకం మొదలుపెట్టింది. అందులో డబ్బు ఎంత, ఎందరికి అన్న వాదన వేరే ఉంది. కూలీని రైతు నుంచి విడదీసి ఒక గడిలో రాసుకోవడం మాత్రం గమనించదగ్గది. 1954 పహాణీలో లేని గడి 70 ఏండ్ల తర్వాత ఒకటి కనిపించింది.

మనం చేయవలసిన పని

బద్దం ఎల్లారెడ్డిని తగ్గించడానికి మేము ఈ వ్యాసం రాయలేదు. ఆయన తన కాలపు హద్దుల్లో గొప్పగా బతికిన మనిషి. తన వర్గంలో చాలామంది చేయని పని చేసినడు. మా అభ్యంతరం ఆయనతో కాదు. ఆయన ఒక్కడే ఉన్నట్టు రాసిన చరిత్రతో. రైతు బిడ్డ విగ్రహం పక్కన ఖాళీగా ఉన్న చోటు నిజానికి ఖాళీ కాదు. 1952లో అక్కడ ఇంకొకరు నిలబడ్డరు, జనం ఆయనకూ ఓటు వేసినరు.

ఈ ప్రాంతపు విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు మేము కొన్ని పనులు గుర్తు చేస్తున్నం. మీ ఊరి సేత్వార్, ఖాస్రా పహాణీ తీసి చూడండి. ఎవరి పేరు మీద ఎంత భూమి ఉందో, బంచరాయి ఎంత ఉండేదో, ఇప్పుడు ఎంత మిగిలిందో రాసుకోండి. మీ వాడలో ఎనభై ఏండ్లు దాటిన వాళ్లతో కూర్చొని మాట్లాడండి. ఏనుగు గుర్తు వాళ్లకు యాదికుందా అడగండి. వాళ్ల తల్లిదండ్రులు ఏ పెట్టెలో ఓటు వేసినరో, వేసినందుకు దొర ఏమన్నడో అడగండి. 1978లో జగిత్యాల పోయిన వాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను అడగండి. వాళ్లు నాట్ల మీద నుంచి నేరుగా ర్యాలీకి పోయినరా, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూసుకున్నరు, తిరిగి వచ్చినంక ఏమైంది అని అడగండి. ఆ మనుషులు ఇంకా కొన్నేండ్లే ఉంటరు. వాళ్లు పోయినంక మనకు మిగిలేది మళ్లీ అదే మొదటి వాక్యం. ఆయన ఒక సామాన్య రైతు కుటుంబంలో పుట్టారు.

ఆ వాక్యం తర్వాత రెండో వాక్యం రాయవలసింది మనమే. ఆ ఇంట్లో జీతమున్న వాడు ఎవరు, అతని బిడ్డ ఏమైనడు అని.